గింజలు బయటున్న పండు

నర్సీపట్నం,
డిసెంబరు మొదటివారం.

చిరంజీవి రమణికి,

నీ ఉత్తరం అందింది. చింతపల్లి చలికి సుద్దముక్క పట్టుకున్న వేళ్ళు కొంకర్లు పోతున్నాయని రాశావు. సంక్రాంతి వెళ్ళేదాకా అంతే, ఉన్ని చేతితొడుగులు మీ నాన్నతో పంపిస్తాను. లంబసింగి తోటల్లో స్ట్రాబెర్రీ కోతలు మొదలయ్యాయి, మా బళ్ళో ఒకటి రెండు తరగతుల వాళ్ళకి దానిమీద ఓ వారం పాఠం పెట్టుకుంటాను, ఏమేం చేయించను అని అడిగావు. ఫోన్లో చూసి ఎత్తిరాసుకున్న పట్టిక కూడా జత చేశావు. ఎర్ర కాగితాన్ని పండు ఆకారంలో కత్తిరించడం, దాని మీద గింజల్లాగా నువ్వులు అతికించడం, పండు పాట, చివర్లో డీఎన్‌ఏ తీయడం.

మొదటి మూడూ చేయించు, పిల్లలకి సరదా. సైన్సు పద్దులో మాత్రం రాయకు. కాగితం పండు మీద నువ్వులు ఎక్కడ పెట్టినా అతుక్కుంటాయి. పిల్లవాడు అనుకున్నదానికి ఎదురుచెప్పడం కాగితానికి రాదు. పండుకి వచ్చు. ఇన్నేళ్ళ బడిలో నేను వాడిన కొలబద్ద అదొక్కటే: ఏమవుతుందో ముందు వాడి నోటితో చెప్పించు, ఆ చెప్పింది తప్పయ్యే వీలున్న పని వాడి చేతనే చేయించు. తప్పైనప్పుడు వాడు "ఏం మేడమ్?" అంటాడు చూడు, అప్పటికి పాఠం మొదలైనట్టు. అంతకుముందు నువ్వు చెప్పిందంతా ఆ ప్రశ్న నోరు మూయడానికే పనికొస్తుంది.

పండు బళ్ళోకి రాకముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. స్ట్రాబెర్రీ కొందరు పిల్లలకి పడదు. మూతి చుట్టూ దురద, దద్దుర్లు వస్తాయి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే కావచ్చు. ఇళ్ళల్లో ముందే అడుగు. పడని పిల్లకి రాసే పని అప్పగించు, పండు ముట్టనివ్వకు. తోటల్లో మందులు కొడతారు కాబట్టి బాగా కడగాలి. తినే పళ్ళ గిన్నె వేరు, పరీక్షల పళ్ళ గిన్నె వేరు. ఇది మాత్రం మొదటిరోజే గట్టిగా చెప్పు. అక్కల చెయ్యి పట్టుకుని వచ్చే అంగన్‌వాడీ చంటివాళ్ళకి పండు చిన్న ముక్కలు కోసే ఇవ్వు, మొత్తంగా ఇస్తే గొంతుకి అడ్డం పడుతుంది.

ఇక తోటకి వెళ్ళినప్పుడు మంచి పళ్ళు ఎంచుకోకు. అవి ఎలాగూ టూరిస్టుల డబ్బాల్లోకి పోతాయి. వంకరవి, ముక్కు నొక్కుకుపోయినవి, ఒక పక్క ఉబ్బి ఒక పక్క ముడుచుకున్నవి, ఇంకా తెల్లగానే ఉన్నవి అడుగు. రైతు నవ్వుతాడు, నవ్వనీ. నీకు పాఠమంతా ఆ వంకర పళ్ళలోనే ఉంది.

తరగతిలో ముందు తలో పండూ తిననివ్వు. పండు ఎదురుగా పెట్టి, తినకుండా పరిశీలించండి అని ఆరేళ్ళ వాళ్ళకి చెప్పే టీచర్లంటే నాకు జాలి. తిన్నాక రెండో పండు, భూతద్దం. గింజలెక్కడున్నాయి? మీవాళ్ళకి తెలిసిన పళ్ళన్నీ అడుగు. బొప్పాయిలో లోపల, జామలో లోపల, పనసలో లోపల. ఇందులో బయట. ఇది వాళ్ళు చూసి చెప్పేదే, నువ్వు చెప్పకూడనిది. తర్వాత, ఎన్నుంటాయి? ఇరవై అంటారు, పెద్ద లెక్క వచ్చినవాడు యాభై అంటాడు. నలుగురికి ఒక పండిచ్చి, పుల్ల మొనతో ఒక్కొక్కటే గీకి తీసి, జిగురు రాసిన కాగితం మీద వరసకి పదేసి చొప్పున అంటించమను. మాంచి పండుకి దరిదాపు 200 ఉంటాయి. పదుల లెక్క నేర్పడానికి ఇంతకన్నా మంచి సాకు ఏముంది? హెడ్మాస్టరు గారు సిలబస్ ఏదని అడిగితే ఆ కాగితం చూపించు.

ఆ గింజకి ఒక చిన్న వెంట్రుక అంటుకుని ఉంటుంది, భూతద్దంలో కనిపెడతారు. పండుని నిలువునా కోస్తే నడుమ తెల్లటి బొడ్డు, దాన్నుంచి చర్మం దాకా సన్నటి తెల్లటి దారాలు కనిపిస్తాయి. ఆ దారాలు ఎక్కడికి పోతున్నాయో వేలితో చూపించమను. ఒక్కొక్కటీ ఒక్కో గింజ కిందికి చేరుతుంది. బొమ్మ గియ్యమను. పుస్తకంలో బొమ్మ చూసి వేసినదానికీ, దీనికీ తేడా నీకే తెలుస్తుంది.

ఇక్కడ నీ మనసులో ఉంచుకోవలసినది ఒకటుంది. మనం గింజ అంటున్న ఆ చుక్క నిజానికి ఒక పూర్తి పండు. పూవులోని ఒక్కో చిన్న అండాశయం ఎండి గట్టిపడి అలా అయ్యింది, అసలు గింజ దాని లోపల ఉంది. ఆ వెంట్రుక ఒకనాటి కీలం మిగులు. ఎర్రటి గుజ్జేమో పూవు కూర్చున్న పీట, పుష్పాసనం, ఉబ్బి అలా తయారైంది. నువ్వు ఇంటర్‌లో అనృత ఫలాలని చదువుకున్నావే, ఆపిల్, జీడిమామిడి, వాటి వరసలోదే ఇది. ఒకటో తరగతికి ఇదంతా చెప్పకు, వాళ్ళకి గింజ అంటే చాలు. కానీ ఏ పిల్లో "జీడిపండుకీ గింజ బయటే ఉంటుంది కదా" అంటే మాత్రం దానికి ఆ పూట సెలవిచ్చినా తప్పులేదు. సీతాఫలం కూడా గుర్తుచెయ్యి. ఒకే పూవులోని చాలా అండాశయాలు కలిసిపోయి ఒక పండవుతాయి, ఒక్కో కన్ను కింద ఒక్కో గింజ. అందులో లోపల, ఇందులో పైన.

ఇప్పుడు వంకర పళ్ళు బల్ల మీద పొయ్యి. ఇది ఎందుకిలా ఉంది? పురుగు కొట్టింది అంటారు, ఎవరో నొక్కేశారు అంటారు, చలికి అంటారు. అన్నీ బోర్డు మీద రాయి, ఏదీ కొట్టెయ్యకు. తర్వాత ఉబ్బిన పక్క గింజలూ, ముడుచుకున్న పక్క గింజలూ భూతద్దంలో పక్కపక్కన చూడమను. ఉబ్బినచోట గింజలు బలంగా, దూరదూరంగా ఉంటాయి. ముడుచుకున్నచోట పీలగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. ఇది చూసినవాళ్ళలో ఎవరో ఒకరు గింజకీ గుజ్జుకీ ఏదో లంకె ఉందని అనకమానరు. అనకపోతే ఆగు. మర్నాడు మళ్ళీ పొయ్యి.

ఆ లంకె సంగతి నీకోసం రాస్తాను. స్ట్రాబెర్రీ పూవుకి ఐదు తెల్లరేకులు, చుట్టూ పసుపు కేసరాలు, నడుమ ఆకుపచ్చ బొడిపె. ఆ బొడిపె మీద వందల కొద్దీ చిన్న అండాశయాలు. ప్రతిదానికీ విడిగా పుప్పొడి అందాలి. గాలికి కొంత అందుతుంది, పూవు తనంతట తాను కొంత రాల్చుకుంటుంది, మిగతాది తేనెటీగ చుట్టూ తిరిగి పూర్తి చెయ్యాలి. అందినచోట గింజ కడుతుంది, ఆ గింజ ఆక్సిన్ అనే పదార్థాన్ని కిందికి పంపుతుంది, దానితో కింది గుజ్జు ఉబ్బుతుంది. అందనిచోట గింజ పీలగానే ఉండిపోతుంది, గుజ్జూ ఉబ్బదు. దీన్ని 1950లో జాన్ నిట్ష్ అనే వృక్షశాస్త్రవేత్త చాలా సులువుగా రుజువు చేశాడు. లేత కాయ మీద గింజలన్నీ గిల్లేస్తే కాయ ఎదగడం ఆగిపోయింది. గింజలు తీసినచోట ఆక్సిన్ పూస్తే మళ్ళీ ఎదిగింది. ఒక నిలువు చారలో మాత్రమే గింజలు ఉంచితే కాయ ఆ చార మేరకే ఉబ్బింది. పెద్ద యంత్రాలేవీ లేవు. ఓపిక, సన్నటి మొన, అంతే.

ఇది నీ బళ్ళో చెయ్యచ్చు, చెయ్యాలి కూడా. తోట రైతుని అడిగి పూతకొచ్చిన మొక్కలు నాలుగు సంచుల్లో తెచ్చుకో. రేకులు రాలి వారం లోపు, బొడిపె శనగగింజంత ఉండగా, ఒక పక్క గింజలు పిన్నీసు మొనతో నువ్వు తీసెయ్యి. ఆ పని పిల్లలకివ్వకు, కాయ నలుగుతుంది. పక్క కాయని అలాగే వదిలెయ్యి, లేకపోతే దేనితో పోల్చాలి? ఇప్పుడు అడుగు: ఈ కాయ ఎలా పెరుగుతుంది? బొమ్మ గీసి పేరు రాసి గోడకి అంటించమను. పువ్వు నుంచి పండుకి దాదాపు నెల పడుతుంది, మీ చలికి ఇంకా ఎక్కువే. వారానికోసారి కొలిచి మళ్ళీ బొమ్మ వెయ్యాలి. ఇంకో మొక్కకి విచ్చకముందే మొగ్గలమీద దోమతెర గుడ్డ సంచి కట్టు, ఈగ దూరకుండా. అందులోనూ కాయలొస్తాయి, చిన్నవి, వంకరవి ఎక్కువగా వస్తాయి. ఒకవేళ చక్కటి కాయే వచ్చిందనుకో, పిల్లలముందు దాన్ని దాచకు. గాలికి పుప్పొడి కదిలిందేమో, సంచి చిన్నదై పూవుకి రాసుకుందేమో వాళ్ళనే ఆలోచించనివ్వు. మనం అనుకున్నట్టు రానిదాన్ని దాచెయ్యడం టీచర్లకి అలవాటు. పిల్లలు అది ఇట్టే పసిగడతారు.

వారం పాఠం అన్నావు, నేను నెలకి పెంచాను. కోప్పడకు. రోజూ పావుగంటే.

మీవాళ్ళకి బాగా నప్పే పరీక్ష ఇంకొకటి. మామిడికాయ గడ్డిలో మాగేస్తే పండుతుందని ప్రతి పిల్లకీ తెలుసు, అరటిగెల సంగతీ తెలుసు. మరి తెల్లటి స్ట్రాబెర్రీ కాయని గడ్డిలో మాగేస్తే? మాగుతుంది అని తరగతంతా ఒక్క గొంతుతో అంటుంది. మూడు అట్టపెట్టెలు తీసుకో. ఒకదాంట్లో పచ్చి అరటికాయలు, రెండోదాంట్లో తెల్ల స్ట్రాబెర్రీలు, మూడోదాంట్లో రెండూ. రోజూ మధ్యాహ్నం బెల్లు కొట్టగానే మూత తీసి చూడాలి. అరటి పసుపెక్కుతుంది, తియ్యబడుతుంది. స్ట్రాబెర్రీ రంగు కాస్త తిరిగితే తిరగొచ్చు, తీపి మాత్రం ఎక్కదు, మెత్తబడి బూజు పడుతుంది. మొక్క మీద ఉన్నంతసేపే దానికి తీపి. అందుకే రైతు పండాక కోస్తాడు, కోశాక పరుగెత్తుతాడు. ఘాటు రోడ్డు మీద తెల్లవారుజామున దిగే ఆటోలు ఎందుకంత తొందరగా పోతాయో అప్పుడు అర్థమవుతుంది. బూజు పట్టిన కాయల్ని పారదర్శకంగా ఉండే డబ్బాలోకి మార్చి, మూత టేపు వేసి, బయటనుంచే చూడనివ్వు. తెరవకుండానే పారెయ్యాలి.

గింజ మొలుస్తుందా అని అడుగుతారు. మొలుస్తుంది. గింజలున్న పలచటి చర్మం చెక్కి ఆరబెట్టి, తడిమట్టి మీద పరచాలి, మట్టి కప్పకూడదు, దానికి వెలుతురు కావాలి. మూడు వారాలైనా, నెలైనా పట్టొచ్చు. పక్కనే పెసలు కూడా తడిబట్టలో కట్టు, లేకపోతే పిల్లలు ఆశ వదులుకుంటారు. అయితే రైతులెవరూ గింజ వెయ్యరు. గింజనుంచి వచ్చినది తల్లిలాగా ఉండదు, టెంక నాటిన మామిడి లాగే. మొక్క నేలమీద తీగ చాచి, దాని కొసన పిల్లమొక్క పెడుతుంది, దాన్నే తెచ్చి నాటతారు. మన కొండకి ఆ నారు ఎక్కువగా మహారాష్ట్రనుంచి, మహాబలేశ్వరం వైపునుంచి వస్తుంది. తోటకి వెళ్ళినప్పుడు ఆ తీగ చూపించు, రైతుచేతే చెప్పించు. మొక్కలకింద ప్లాస్టిక్ షీటు ఎందుకు పరిచారో కూడా అడగనివ్వు. మట్టి తగిలితే పండు కుళ్ళుతుందని ఆయన చెప్పే తీరు నీ తీరుకన్నా బాగుంటుంది.

రంగుల ఆట కూడా పెట్టుకో, ఒక పూట చాలు. పండు నలిపి వడగట్టిన రసం మూడు గాజుగ్లాసుల్లో. ఒకదాంట్లో నిమ్మరసం, ఒకదాంట్లో వంటసోడా, ఒకటి ఉత్తది. నిమ్మరసంలో ఎరుపు నిలుస్తుంది, సోడాలో మాసి ఊదా వైపు తిరుగుతుంది. ఇదే మందారపూల రసంతో చేస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది, సోడాకి ఆకుపచ్చ తేలుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అవుతుందని ఇంట్లో చూసినవాళ్ళు ఉంటారు, వాళ్ళచేత చెప్పించు. సున్నం మాత్రం చిన్నవాళ్ళ చేతికివ్వకు.

ఇక డీఎన్‌ఏ. ఇది నీ పట్టికలో అన్నిటికన్నా ఆకర్షణ ఉన్నదని నాకు తెలుసు. ఒకటో తరగతికి వద్దంటాను. తెల్లటి పోగులు తేలతాయి, పిల్లలు ఓ అంటారు, అంతే. ఏం జరుగుతుందో ముందు చెప్పే దారి వాళ్ళకి లేదు, కాబట్టి అది గారడీ. ఐదో తరగతి మాస్టారికి ఇచ్చెయ్యి, పద్ధతి ఇదీ: మూడు పళ్ళు జిప్ సంచిలో వేసి మెత్తగా పిసకాలి. అరకప్పు నీళ్ళలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్, చెంచాడు ఉప్పు కలిపి అందులో పొయ్యాలి, నురగ రాకుండా మళ్ళీ పిసకాలి. పలచటి గుడ్డలో వడగట్టాలి. ఆ రసం మీద, ఐసులో బాగా చల్లార్చిన సర్జికల్ స్పిరిట్ గ్లాసు అంచునుంచి మెల్లగా అంతే కొలతలో జార్చాలి. లిక్విడ్‌లోని సబ్బు, కణాల పొరల్లోని కొవ్వుని విడదీస్తుంది, ఉప్పు పోగుల్ని దగ్గరచేరుస్తుంది, చల్లటి స్పిరిట్‌లో డీఎన్‌ఏ కరగదు కాబట్టి పైకి తేలుతుంది. స్పిరిట్ సీసా మాస్టారి చేతిలోనే ఉండాలి, దగ్గర్లో పొయ్యి ఉండకూడదు. ఈ పనికి స్ట్రాబెర్రీయే ఎందుకంటే మనకి కణంలో క్రోమోజోముల పొత్తులు రెండు ఉంటే దానికి ఎనిమిది పొత్తులు, మొత్తం 56 క్రోమోజోములు. పైగా మెత్తన. ఒక మాట మాస్టారికి చెప్పు: ఆ తెల్లటి పోగులన్నీ డీఎన్‌ఏ కాదు. జామ్ గట్టిపడడానికి కారణమైన పెక్టిన్ కూడా స్పిరిట్‌లో అలాగే తేలుతుంది.

శనివారాలు కథ చెప్తానన్నావు కదా, ఈ పండుకి మంచి కథ ఉంది. అమెడే ఫ్రెజియే అనే ఫ్రెంచి సైనిక ఇంజినీరుని 1712లో చిలీ తీరానికి పంపారు. స్పెయిన్ వాళ్ళ కోటల్ని చాటుగా చూసి రావడం అతని పని. కోటలతోపాటు అక్కడివాళ్ళు పండించే పెద్ద స్ట్రాబెర్రీని కూడా చూశాడు. 1714లో తిరుగుప్రయాణం ఆరునెలలు, ఓడలో తాగేనీళ్ళకే కరువు. మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ ఐదింటిని బతికించి తెచ్చాడు. తీరా ఫ్రాన్సులో నాటితే కాయ కాయలేదు. అతను ఏరి తెచ్చినవన్నీ ఆడమొక్కలే. ఉత్తర అమెరికానుంచి వచ్చిన ఇంకో జాతి పక్కన నాటాకగాని అవి కాయలేదు. అలా రెండు ఖండాల మొక్కలు యూరపులో కలిసి, ఇప్పుడు లంబసింగిలో పండే పండు పుట్టింది. ఈ సంగతి తేల్చి 1766లో పుస్తకం రాసినవాడు ఆంత్వాన్ నికొలా దుషేన్, అప్పటికి ఇరవై కూడా దాటలేదు. కథ మధ్యలో ఆపి, మొక్కలు బతికున్నాయి, పూలు పూశాయి, కాయ ఎందుకు కాయలేదు అని అడుగు. దోమతెర సంచి కట్టిన పిల్లలు జవాబు దగ్గరదాకా వస్తారు. అందుకే ఈ కథ మొదటి శనివారం చెప్పకు, సంచి విప్పాక చెప్పు.

భూతద్దాలు నాదగ్గర ఉన్న నాలుగూ స్వెట్టరు మడతలో చుట్టి పంపుతున్నాను, గాజు జాగ్రత్త. దోమతెర గుడ్డ అక్కడ దొరక్కపోతే రాయి, ఇక్కడ సంత బజారులో మీటర్ల లెక్కన అమ్ముతారు. పిల్లలు గీసిన మొదటి బొమ్మలు, అంటే కాయ ఎలా పెరుగుతుందో ముందు ఊహించి వేసినవి, పారెయ్యకుండా తేదీ వేసి ఉంచు. సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు పట్టుకురా, నేనూ చూస్తాను.

ఉంటాను.
మీ అత్త